మా ఇంటి మీద ఎగరేసిందెవరు?

కృష్ణా డెల్టాలో ఇల్లు కట్టుకునేవాళ్లు చాటు గురించి చాలా ఆలోచిస్తారు. వీధి వైపు ప్రహరీ ఎంత ఎత్తు లేపాలి, పక్కింటివాళ్ల కిటికీకి మన కిటికీ ఎదురుపడకుండా ఎటు జరపాలి, పెరట్లో స్నానాల గది తలుపు ఏ దిక్కుకి పెట్టాలి అన్న మాటలు పునాది తీయకముందే అయిపోతాయి. పామర్రు చుట్టుపక్కల పాత ఇళ్లలో ఇప్పటికీ పెరటి పంపు దగ్గర తాటాకు దడి కనిపిస్తుంది. దానికి పైన కప్పు ఉండదు, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. కొత్త డాబాల మీదైతే పిట్టగోడ నడుమెత్తు లేపితే చాలు. వడియాలు పెట్టుకోవడానికి, ఆడవాళ్లు తలారబెట్టుకోవడానికి, ఎండాకాలం రాత్రి మంచాలు వేసుకుని పడుకోవడానికి సరిపడా మరుగు దొరికేది. ఈ ఏర్పాట్లన్నీ పక్కనుంచి వచ్చే చూపుని ఆపడానికే. పైనుంచి కూడా చూపు వస్తుందని ఎవరూ లెక్క వేసుకోలేదు.

ఇప్పుడు వస్తోంది. పామర్రు విజయవాడ–మచిలీపట్నం జాతీయ రహదారి మీది ఊరు. గుడివాడ దారీ చల్లపల్లి దారీ ఇక్కడే కలుస్తాయి. ఈ రోడ్ల వెంట ఏ ఊళ్లోనూ డ్రోన్ ఇప్పుడు వింత కాదు. చేలో మందు కొట్టేది ఒకటి, భూముల రీసర్వేకి వచ్చింది ఒకటి, పెళ్లి ఊరేగింపు మీద తిరిగేది ఒకటి, కోడిపందేల బరుల మీదికి పోలీసులు పంపేది ఒకటి. యంత్రాలు వేరు, వాటిని నడిపేవాళ్లు వేరు. తలెత్తి చూసే ఇంటివాళ్ల ప్రశ్న మాత్రం ఒకటే: ఎగరేసిందెవరు, ఎందుకు, తీసిన వీడియో ఎక్కడికి పోతుంది? మన డ్రోన్ నిబంధనలు బరువు గురించి, ఎత్తు గురించి, అనుమతుల గురించి బోలెడు చెప్పాయి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో మాత్రం చెప్పలేదు. ఇరుగుపొరుగు గౌరవమంతా ఆ జవాబులోనే ఉందని నా నమ్మకం.

జవాబు రాబట్టుకోగలిగినవాళ్లు లేకపోలేదు. 2019 ఆగస్టు 16న, కృష్ణ వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో, ఉండవల్లి కరకట్ట మీద అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడు ఉంటున్న ఇంటి మీద డ్రోన్ తిరిగింది. ఎగరేసినవాళ్లను తెలుగుదేశం కార్యకర్తలు అక్కడికక్కడే నిలదీశారు. జడ్ ప్లస్ భద్రత ఉన్న మనిషి ఇంటి మీద ఎవరి అనుమతితో కెమెరా తిప్పారని ఆ పార్టీ పోలీసు ఉన్నతాధికారులను అడిగింది. వరద నీరు ఎంతవరకు వచ్చిందో అంచనా వేయడానికి జలవనరుల శాఖే ఆ పని చేయించిందని ప్రభుత్వం జవాబు చెప్పింది.

ఐదున్నరేళ్ల తర్వాత, 2025 జనవరి 18న, అక్కడికి నాలుగడుగుల దూరంలోని మంగళగిరిలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ క్యాంపు కార్యాలయం మీద మధ్యాహ్నం పూట దాదాపు 20 నిమిషాలు ఒక డ్రోన్ తిరిగింది. డీజీపీకి, జిల్లా అధికారులకు ఫిర్యాదు వెళ్లింది. పోలీసులు ఆరా తీస్తే అది ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్‌ది అని తేలింది. ట్రాఫిక్, పారిశుద్ధ్యం, కాలువల పరిస్థితి పరిశీలించడానికి ఎగరేశారట. ఈ రెండు సంఘటనల మధ్య ప్రభుత్వం మారింది, అధికారంలో ఉన్నవాళ్లూ ప్రతిపక్షంలో ఉన్నవాళ్లూ అటూ ఇటూ అయ్యారు. జరిగింది మాత్రం ఒకటే కథ. రెండుచోట్లా ఎగరేసింది ప్రభుత్వ యంత్రాంగమే, చెప్పిన పని న్యాయమైనదే. అయినా ఆ ఇంట్లో ఉన్నవాళ్లకి ముందుగా ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. ఫిర్యాదు చేసింది పెద్దవాళ్లు కాబట్టి జవాబు త్వరగా వచ్చింది. ఇదే డ్రోన్ పామర్రులో ఒక కౌలురైతు పెరటి మీద 20 నిమిషాలు తిరిగి ఉంటే అది ఫైబర్‌నెట్‌దని ఆయనకి ఎవరు చెప్పేవారు?

తెలంగాణలో జరిగిన మూడో ఉదంతం ఇంకో ముడి వేస్తుంది. అప్పట్లో ఎంపీగా ఉన్న రేవంత్‌రెడ్డి 2020 మార్చిలో హైదరాబాద్ శివారు జన్వాడలోని ఒక ఫాంహౌస్ మీద డ్రోన్ ఎగరేయించారన్న కేసులో అరెస్టయి జైలుకి వెళ్లారు. అది అప్పటి మంత్రి కేటీఆర్‌దని, జంట జలాశయాల పరిరక్షణకు ఉద్దేశించిన 111 జీవోకి విరుద్ధంగా కట్టారని ఆయన ఆరోపణ. ఆ కేసును 2025లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. గోడ అవతల నిబంధనలు తొక్కేసి కట్టిన కట్టడం ఉందని అనుమానం వస్తే దాన్ని పైనుంచి చూపించడం ప్రజాహితమా, ఒకరి ఇంట్లోకి తొంగిచూడటమా? కృష్ణ ఒడ్డున ఇసుక తవ్వకాలైనా, చెరువుల ఆక్రమణలైనా ఈ రోజుల్లో బయటపడేది ఎక్కువగా డ్రోన్ దృశ్యాల వల్లే. కాబట్టి ప్రైవేటు స్థలం మీద అసలు ఎగరేయకూడదన్న గంపగుత్త నిషేధం కోరితే నష్టపోయేది సామాన్యులే, లాభపడేది ఎత్తు గోడలు కట్టుకోగలిగినవాళ్లు. నేను నిషేధం అడగడం లేదు.

నిబంధనల సంగతికి వస్తే, ఇప్పుడు అమల్లో ఉన్నవి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్. 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్ అని బరువును బట్టి తరగతులు పెట్టారు. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడగొట్టి డిజిటల్ స్కై అనే వేదిక మీద మ్యాపు పెట్టారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా ఆంక్షలుంటాయి. గన్నవరం నుంచి పామర్రుకి గీత గీసి కొలిచినా 25 కిలోమీటర్లు దాటుతుంది. మ్యాపులో ప్రత్యేకంగా ఎర్ర గుర్తు పెట్టిన చోట్లు మినహాయిస్తే ఇక్కడి ఇళ్ల మీది ఆకాశం ఆకుపచ్చే. పై హద్దు 400 అడుగులన్న నిబంధన ఉంది గానీ పిట్టగోడకి ఇన్ని అడుగుల లోపు దిగకూడదన్న కింది హద్దు లేదు. నానో డ్రోన్‌కి, వ్యాపారానికి కాని మైక్రో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బజారులో బాగా నడిచే చిన్న మోడళ్ల బరువు 249 గ్రాములు ఉండటం యాదృచ్ఛికం కాదు.

2018 డిసెంబరు నుంచి అమలైన, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఇతరుల ప్రైవసీకి భంగం కలగకుండా చూసుకునే బాధ్యత ఎగరేసేవారిదేనని రాసి ఉండేది. 2021లో అన్నీ సులభం చేసినప్పుడు ఆ వాక్యం జారిపోయింది. కొత్త వ్యాపారాలకి అడ్డంకులు తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, ఆ వాక్యాన్ని తీసేయడాన్ని తప్పుపడతాను. ఆ 2021 నిబంధనల్లోనే ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నయినా 96 గంటలు మించకుండా తాత్కాలిక ఎర్ర మండలంగా ప్రకటించవచ్చన్న అధికారం ఉంది. ముఖ్యమంత్రి పర్యటనలకి, పెద్ద సభలకి ఆ వెసులుబాటు వాడుకుంటున్నారు. సామాన్యుడి ఇంటికి అలాంటి రక్షణ గురించి ఒక్క మాటా లేదు.

పాత చట్టాల్లో ఈ ప్రశ్నకి మూలాలు దొరుకుతాయి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట అమలైన చోట్లలో అప్పట్లో మన కృష్ణా జిల్లా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అందులో 18వ సెక్షన్ కింద ఇచ్చిన ఒక ఉదాహరణ సరిగ్గా మన విషయమే: ఊరి ఆచారం అదైతే, పక్కింటివాళ్ల చాటుకి బాగా భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదు. ఘోషా పాటించే ఇళ్ల గురించి 1888లో అలహాబాద్ హైకోర్టు ఈ హక్కును గుర్తించింది. మద్రాసు హైకోర్టు మాత్రం ఆ శతాబ్దం చివర్లో, పక్కవాడు కిటికీ తెరిస్తే మీరు గోడ లేపుకోండి అన్న దారినే పోయింది. నూటముప్పై ఏళ్ల కిందట ఆ సలహాకి కొంత అర్థం ఉంది. డ్రోన్ ముందు ఏ గోడ లేపుకోవాలి?

ఇంటి మీది గాలి ఇంటివాడిదేనన్న వాదనకి మన దగ్గర బలం తక్కువ. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం 17వ సెక్షన్, సహేతుకమైన ఎత్తులో విమానం పోయినంత మాత్రాన అతిక్రమణ దావా వేయడానికి లేదంది. ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. అమెరికాలో 1946లో వచ్చిన కాస్బీ తీర్పు మన గన్నవరం, నూజివీడు వైపు కోళ్లఫారాలవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. యుద్ధకాలంలో సైనిక విమానాలు 83 అడుగుల ఎత్తులో ఒక కోళ్లఫారం మీదుగా దిగుతుంటే కోళ్లు బెదిరి గోడలకి కొట్టుకుని చచ్చిపోయాయి. భూమి యజమాని వాడుకోగలిగినంత ఎత్తు వరకు గాలి అతనిదేనని సుప్రీంకోర్టు అతని పక్షం వహించింది. ఇంగ్లండులో 1977లో బెర్న్‌స్టీన్ ప్రభువు తన భవనాన్ని విమానంలోంచి ఫొటో తీసిన కంపెనీ మీద దావా వేసి ఓడిపోయాడు. ఒక్కసారి ఫొటో తీస్తే అతిక్రమణ కాదుగానీ, అదేపనిగా పైనుంచి నిఘా పెడితే న్యూసెన్స్ కావచ్చని జడ్జి అన్నాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక దారి దొరుకుతుంది: దాటిపోవడం వేరు, ఆగి చూడటం వేరు. మన నిబంధనలు రాసేవాళ్లు పట్టుకోవాల్సిన తేడా ఇదేనని నాకు అనిపిస్తుంది.

ఇంకో ఆధారానికి పామర్రు నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. పక్క మండలం మొవ్వలో పెదముత్తేవి ఉంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసిన జాస్తి చలమేశ్వర్ సొంతూరు అది. 2018లో పదవీ విరమణ చేశాక ఆయన ఊరికే తిరిగొచ్చారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పిచ్చిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఆయన ఒకరు. విడిగా రాసిన తన తీర్పులో గోప్యతకి మూడు ముఖాలు చెప్పారు. అక్కర్లేని అలజడి మన మీద పడకుండా ఉండటం మొదటిది, ఇతరుల చొరబాటు చూపు నుంచి రక్షణ రెండోది, సొంత జీవితపు నిర్ణయాలు సొంతంగా తీసుకోవడం మూడోది. డాబా మీద గుయ్యిమని ఆగిన డ్రోన్ మొదటి రెండింటినీ ఒక్కసారే తాకుతుంది, దాని మోత అలజడి, దాని కెమెరా చొరబాటు. చిక్కేమిటంటే ప్రాథమిక హక్కు ముఖ్యంగా ప్రభుత్వం మీద పనిచేస్తుంది. పక్క వీధి కుర్రాడి మీద పనిచేయాలంటే మామూలు చట్టం కావాలి.

ఆ మామూలు చట్టంలో చిల్లులున్నాయి. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ స్త్రీలను చాటుగా చూడటాన్ని, చిత్రించడాన్ని శిక్షిస్తుంది. అయితే అది ఆమె ఏకాంతంలో చేసుకునే పనులకే, అంటే స్నానం, బట్టలు మార్చుకోవడంలాంటి వాటికే వర్తిస్తుంది. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ శరీరంలోని గుప్తభాగాల చిత్రాలకే పరిమితం. పదేపదే ఒక స్త్రీని వెంటాడితే 78వ సెక్షన్ ఉంది. డాబా మీద తలారబెట్టుకుంటున్న అమ్మాయినో, పెరట్లో కూర్చుని అన్నం తింటున్న కుటుంబాన్నో ఒకడు సరదాకి వీడియో తీస్తే ఇవేవీ సూటిగా పట్టవు. వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చేసిన చట్టం కూడా సొంత, ఇంటి అవసరాలకి మనిషి వాడుకునే సమాచారాన్ని వదిలేసింది. ఒళ్లు మండి రాయి విసిరి కూలుద్దామంటే అది ఇంకొకరి ఆస్తి, ధ్వంసం చేసినందుకు కేసు మన మీదికే వస్తుంది.

ఇక ఊళ్లో డ్రోన్ చేసే పనుల్ని విడివిడిగా చూడాలి. అన్నింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మందు కొట్టే డ్రోన్ మీద ప్రైవసీ ఆరోపణ దాదాపు నిలవదు. సాధారణంగా 10 లీటర్ల ట్యాంకు, ఆరు చేతులు, గట్టు మీద బ్యాటరీలు చార్జ్ చేసే జనరేటరు ఉంటాయి. ఎకరం 7, 8 నిమిషాల్లో అయిపోతుంది. చేతిపంపు వీపున వేసుకుని మందు పీల్చుకుంటూ నడిచే కూలీకి అది నిజంగా మేలు చేసింది. 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇవ్వాలని 2023 నవంబరులో కేంద్రం తలపెట్టిన నమో డ్రోన్ దీదీ పథకం కూడా ఈ పనికే. ఇక్కడ పొరుగువారి బాధ కెమెరాతో రాదు, గాలితో వస్తుంది. ఒక చేలో కొట్టిన మందు పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ల మీద, గట్టవతలి చేపల చెరువులో పడుతుంది. గుడివాడ, కైకలూరు వైపు చేనూ చెరువూ పక్కపక్కనే ఉన్న చోట ముందురోజు చెప్పకపోతే గొడవ ఖాయం.

రీసర్వే ఈ విషయంలో మంచి పాఠం. అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో సమగ్ర భూసర్వే మొదలైంది. రీసర్వేలో జరిగిన కొలతల తప్పుల మీద రైతుల ఫిర్యాదులు చాలా ఉన్నాయి, అవి వేరే వ్యాసానికి సరిపోతాయి. డ్రోన్ వరకు చూస్తే పద్ధతి బాగుంది. గ్రామసభ పెట్టి చెప్పడం, నోటీసు ఇవ్వడం, ఆ తర్వాతే ఎగరేయడం. గ్రామకంఠాల కోసం కేంద్రం తెచ్చిన స్వామిత్వ పథకంలోనైతే ఇళ్లవాళ్లు, సర్వేయరు కలిసి హద్దుల వెంట సున్నం గీతలు గీస్తారు, అవి పైనుంచి తెల్లగా కనిపించాలని. ఎవరి ఇంటి హద్దు వాళ్లు చూపించి గీయించుకున్నాక పైన తిరిగే కెమెరా దొంగచూపు కాదు. ఇంటివాళ్లు తామే పిలిచిన చూపు అది.

బుడమేరు వరద కూడా ఇదే చెబుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డాబాలెక్కి కూర్చున్నవాళ్లకి డ్రోన్లతో అన్నం పొట్లాలు, మందులు పంపారు. జనం చేతులూపి వాటిని తమ డాబా మీదికే రమ్మని పిలిచారు. యంత్రం ఎందుకొచ్చిందో తెలిస్తే డాబా మీద దానికి చోటిచ్చే జనం మనవాళ్లు. మరుసటి నెలలోనే విజయవాడ పున్నమిఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో ప్రదర్శన పెట్టి రాష్ట్రం గిన్నిస్ రికార్డులు కొట్టింది. ఇంత పెద్ద ఎత్తున డ్రోన్లను తలకెత్తుకున్న రాష్ట్రం, వాటి కింద ఉండే ఇళ్లకి మాట ఇవ్వడంలోనూ ముందుండాలి కదా.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది పెళ్లి డ్రోన్. అందరికీ ముద్దొచ్చేది, ఎవరూ ప్రశ్నించనిది అదే. ఊరేగింపు సందులోకి తిరగ్గానే కుర్రాడు రిమోటు పట్టుకుని నిలబడతాడు, వెనక పదిమంది పిల్లలు స్క్రీన్‌లోకి తొంగిచూస్తారు. పెళ్లికొడుకు కారుతో పాటు ఆ సందులోని ప్రతి పెరడూ, ప్రతి డాబా ఆ స్క్రీన్‌లోకి వస్తుంది. పెళ్లివాళ్లు ఒప్పుకున్నారు, నిజమే. ఆ సందులోని ఇళ్లవాళ్లని అడిగిందెవరు? ఆ ఫుటేజ్ స్టూడియో కంప్యూటర్‌కి, అక్కడినుంచి పెన్‌డ్రైవ్‌కి, యూట్యూబ్‌కి, రీల్స్‌కి పోతుంది. డబ్బు తీసుకుని మైక్రో డ్రోన్ ఎగరేసేవాళ్లకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలని నిబంధన. దాన్ని అడిగి చూసే పెళ్లిపెద్ద అరుదు. మన దగ్గర ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పెళ్లికి పిలిచే అలవాటు ఇంకా ఉంది. అప్పుడే ఒక మాట కలపొచ్చు: “వదినగారూ, బుధవారం సాయంత్రం ఊరేగింపు మీద డ్రోన్ తిరుగుతుంది, డాబా మీద బట్టలుంటే తీసేసుకోండి, మీ ఇంటి వైపు తీయొద్దంటే చెప్పండి, అబ్బాయికి చెబుతాను.” చట్టం సాధించలేని పని ఈ మాట సాధిస్తుంది.

పోలీసుల డ్రోన్లు మాత్రం ఈ మంచితనానికి వదిలేయదగినవి కావు. సంక్రాంతి బరులు, పేకాట స్థావరాలు, చెట్లకింద బహిరంగంగా తాగేవాళ్లు, వీళ్లను పట్టుకోవడంలో అవి ఉపయోగపడ్డాయి. పొలంలో పరుగెత్తేవాళ్ల వీడియోలు జనం నవ్వుతూ చూశారు. అయితే బయలులో తిరగడం వేరు, ఇళ్ల మధ్య సాయంత్రం గస్తీ తిరగడం వేరు. ఆ వీడియోలో కనిపించిన నేరం లేని మనిషి బొమ్మ ఎన్నాళ్లు దాస్తారు, ఎవరు చూస్తారు, ముఖాలు కనిపించేలా సోషల్ మీడియాలో ఎందుకు పెడతారు? పుట్టస్వామి తీర్పు ప్రకారం ప్రభుత్వం గోప్యతలోకి రావాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి రాకూడదు. ఇళ్ల మీద గస్తీకి ఈ మూడూ రాతపూర్వకంగా చూపించే నిబంధనావళి రాష్ట్రం ప్రకటించాలి.

లారీకి నంబరు ప్లేటు ఉన్నట్టే ప్రతి డ్రోన్‌కీ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. కాని ఆకాశంలో ఉన్నదాని మీది సంఖ్య కింద నిలబడి ఎవరూ చదవలేరు. అందుకే సాక్ష్యం కింద నుంచే పోగుచేయాలి: ఎగిరిన వేళ, ఎటునుంచి వచ్చింది, ఎక్కడ దిగింది, మన ఫోన్‌లో తీసిన వీడియో. ఎగరేసేవాళ్లు సాధారణంగా కనుచూపు మేరలోనే ఉంటారు కాబట్టి దిగిన చోటు తెలిస్తే మనిషి దొరుకుతాడు. ఫిర్యాదు తీసుకున్న పోలీసులు మొదట అడగాల్సింది ఆ సంఖ్యనీ సర్టిఫికెట్‌నీ. ఇక ప్రభుత్వ శాఖ ఏదైనా ఊరి మీద డ్రోన్ ఎగరేసేముందు గ్రామ సచివాలయం బోర్డు మీద శాఖ పేరు, తేదీ, పని, ఫోన్ నంబరు రాసి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు సర్క్యులర్ చాలు. అలా రాయలేదనుకోండి, సమాచార హక్కు చట్టం ఉంది. ఫలానా తేదీన మా వీధి మీద ఎగిరిన డ్రోన్ ఏ శాఖది, ఆ వీడియో ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు చెరిపేస్తారు అని రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో ఆ దరఖాస్తుకి గ్రామస్థాయిలో రుసుము లేదు, పామర్రు తహసీల్దారు కార్యాలయంలో ఇస్తే 5 రూపాయలు.